మన్‌స్టర్ అవే మ్యాచ్‌కి ఫ్రాన్స్ వెళ్లాలంటే ప్రత్యర్థి ఎవరో తేలేదాకా ఆగకండి

2025 ఏప్రిల్ 5న ఫ్రాన్స్‌లోని లా రోషెల్‌లో మా ఐర్లాండ్ రగ్బీ జట్టు మన్‌స్టర్ ఆ ఊరి జట్టు మీద 25-24తో గెలిచినప్పుడు నేను అక్కడే ఉన్నాను. ఒక్క పాయింటు తేడా. చివరి నిమిషాల్లో పక్కనున్న పెద్దాయన నా చెయ్యి గట్టిగా పట్టుకున్నాడు, ఆయన ఎవరో నాకు తెలియదు, నేనెవరో ఆయనకు తెలియదు, ఇద్దరం ఎరుపు జెర్సీల్లో ఉన్నాం, అంతే. సరిగ్గా వారం తర్వాత ఏప్రిల్ 12న బోర్డోలో క్వార్టర్ ఫైనల్. ఆ మ్యాచ్ మాత్రం లిమరిక్‌లో ఇంట్లో టీవీలో చూశాను, ఎందుకంటే నా దగ్గరున్నది సింగిల్ ఎంట్రీ షెంగెన్ వీసా (ఫ్రాన్స్ లాంటి యూరప్ దేశాలకి కలిపి ఇచ్చే వీసా, సింగిల్ ఎంట్రీ అంటే ఒక్కసారే లోపలికి వెళ్లొచ్చు), లా రోషెల్ నుంచి తిరిగి రాగానే దాని పని అయిపోయింది. మన్‌స్టర్ 47-29తో ఓడింది. ఓడిన మ్యాచే కదా అని స్నేహితులు సర్దిచెప్పారు కానీ, ఓడిన రోజున అక్కడ ఉండటమే నాకు ముఖ్యం. అందుకే ఇది రాస్తున్నాను. ఐర్లాండ్‌లో ఉంటూ ఇండియన్ పాస్‌పోర్ట్ మీద తిరిగే తెలుగువాళ్లు కప్ మ్యాచ్ కోసం ఫ్రాన్స్ వెళ్లాలనుకుంటే ఏ పని ఎప్పుడు చేసుకోవాలో, అక్కడికి వెళ్లాక ఎలా ఉండాలో నాకు తెలిసినంత చెబుతాను.

ముందు కప్ ఎలా నడుస్తుందో తెలియాలి, లేకపోతే తేదీలు అర్థం కావు. ఛాంపియన్స్ కప్ అనే ఈ యూరప్ రగ్బీ టోర్నీలో 24 జట్లు, ఆరేసి జట్లతో నాలుగు పూల్స్. ఒక్కో జట్టు పూల్‌లో నాలుగు మ్యాచ్‌లు ఆడుతుంది, రెండు సొంతూళ్లో, రెండు బయట (వీటినే అవే మ్యాచ్‌లంటారు). ఇవి డిసెంబరు, జనవరి నెలల్లో అయిపోతాయి. ప్రతి పూల్‌లో మొదటి నాలుగు జట్లు రౌండ్ ఆఫ్ 16కి వెళ్తాయి, అందులో మొదటి రెండు స్థానాల వాళ్లకి సొంత మైదానం దక్కుతుంది, మూడు, నాలుగు స్థానాల వాళ్లు బయటికి వెళ్లి ఆడాలి. రౌండ్ ఆఫ్ 16 ఏప్రిల్ మొదట్లో, క్వార్టర్ ఫైనల్ ఆ తర్వాతి వారమే, సెమీస్ మే మొదట్లో, ఫైనల్ మే చివర్లో. అంటే రౌండ్ ఆఫ్ 16 ఎవరితోనో జనవరిలోనే తెలిసిపోతుంది, రెండు నెలల పైన టైమ్ ఉంటుంది. క్వార్టర్ ఫైనల్ ఎక్కడో మాత్రం ఆరేడు రోజుల ముందే తెలుస్తుంది. ఆరు రోజుల్లో వీసా రాదు. ఈ వ్యాసంలో ఒక్క మాటే గుర్తుంచుకోవాలంటే ఈ మాట గుర్తుంచుకోండి.

వీసా సంగతి

యూరోలే వాడుతున్నాం, ఈయూలోనే ఉన్నాం కాబట్టి ఐఆర్‌పీ కార్డు (ఐర్లాండ్ నివాస అనుమతి కార్డు) చూపిస్తే ఫ్రాన్స్‌లోకి రానిస్తారని కొత్తగా వచ్చినవాళ్లు చాలామంది అనుకుంటారు. రానివ్వరు. ఐర్లాండ్ షెంగెన్‌లో లేదు. ఐరిష్ పాస్‌పోర్ట్ వచ్చేసినవాళ్లు ఈ భాగం వదిలేసి ముందుకెళ్లండి, మిగిలినవాళ్లు మాత్రం నిదానంగా చదవండి.

షెంగెన్ వీసాకి ప్రయాణానికి ఆరు నెలల ముందు నుంచీ అప్లై చేయొచ్చు, కనీసం 15 రోజుల ముందైనా ఇవ్వాలి. నిర్ణయానికి మామూలుగా 15 రోజులు అంటారు, కానీ అసలు ఇబ్బంది అపాయింట్‌మెంట్ దగ్గర వస్తుంది, వేసవి సెలవులకి వెళ్లేవాళ్లు కూడా అదే సమయంలో స్లాట్ల కోసం చూస్తుంటారు. జనవరిలో చివరి పూల్ మ్యాచ్ అయిన రాత్రే స్లాట్ వెతకడం మొదలుపెట్టండి. పూల్‌లోనే ఫ్రాన్స్‌లో అవే మ్యాచ్ పడితే ఇంకా మంచిది, దాని కోసం శరదృతువులోనే అప్లై చేసి, ఏప్రిల్, మే నెలల్ని కూడా కలుపుకునేలా ఎక్కువ కాలానికి మల్టిపుల్ ఎంట్రీ అడగండి.

ఫారంలో సింగిలా మల్టిపులా అని అడిగే చోట మల్టిపుల్ అని టిక్ పెట్టడం ఒక్కటే చాలదు. ఎందుకు కావాలో ఒక పేజీ కవర్ లెటర్‌లో రాయండి. నేను మొదటిసారి రాయలేదు. రెండోసారి నాకౌట్ తేదీలన్నీ వరసగా పెట్టి, మా జట్టు గెలిస్తే వచ్చే వారం మళ్లీ రావాల్సి ఉంటుంది, ఆ మ్యాచ్ ఎక్కడన్నది ముందు చెప్పలేం అని ఉన్నది ఉన్నట్టు రాశాను, మల్టిపుల్ ఎంట్రీ ఇచ్చారు. అందరికీ ఇస్తారని హామీ ఇవ్వలేను కానీ అడగకపోతే రావడం కష్టం.

ఫీజు పెద్దలకి 90 యూరోలు, ఆరు నుంచి పన్నెండేళ్ల లోపు పిల్లలకి 45, ఆరేళ్లలోపు వాళ్లకి ఏమీ లేదు, వీసా సెంటర్ సర్వీస్ చార్జీ వేరే. కనీసం 30,000 యూరోల కవరేజీ ఉన్న ట్రావెల్ ఇన్సూరెన్స్ ఉండాలి. పాస్‌పోర్ట్ తిరిగొచ్చే తేదీ తర్వాత ఇంకో మూడు నెలలు చెల్లాలి, రెండు ఖాళీ పేజీలుండాలి. ఐఆర్‌పీ కార్డు గడువు కూడా చూసుకోండి, మార్చిలోనో ఏప్రిల్‌లోనో అయిపోతుంటే రెన్యువల్ ముందు పెట్టండి, ఆ కార్డు మీదే మొత్తం ప్రయాణం ఆధారపడి ఉంది, తిరిగి ఐర్లాండ్‌లో దిగినప్పుడు కూడా అదే చూపించాలి. జీతం స్లిప్పులు, బ్యాంక్ స్టేట్‌మెంట్లు, ఆఫీసు నుంచి లెటర్ మామూలే. హోటల్ మాత్రం ఉచితంగా క్యాన్సిల్ చేసుకునే రకమే బుక్ చేయండి.

ఇంకో సంగతి. ప్రత్యర్థి ఇంగ్లండ్ జట్టో, బెల్‌ఫాస్ట్‌లో అల్‌స్టరో అయితే షెంగెన్ పనికిరాదు, యూకే వీసా కావాలి. బెల్‌ఫాస్ట్ రోడ్డు మీద ఆపేవాళ్లు ఎవరూ కనబడరు కాబట్టి అక్కర్లేదని కొందరు చెబుతారు. వినకండి. చెక్‌పోస్ట్ లేకపోయినా చట్టం ఉంది, దొరికితే మీ ఐర్లాండ్ స్టాంప్‌కే, అంటే నివాస అనుమతికే ఇబ్బంది, ఏ మ్యాచ్ కోసమూ ఆ రిస్క్ తీసుకోవద్దు. యూకే విజిటర్ వీసాకి మామూలుగా మూడు వారాలు పడుతుంది. లండన్ మీదుగా ఫ్రాన్స్‌కి చవక టికెట్ కనబడినా సరే, ట్రాన్సిట్ నిబంధనలు పూర్తిగా చదివాకే కొనండి. నేనైతే డైరెక్ట్ ఫ్లైటే తీసుకుంటాను.

మ్యాచ్ టికెట్

లా రోషెల్ స్టేడియం పేరు స్టాడ్ మార్సెల్ డెఫ్లాండ్ర్. పదహారు వేల పైచిలుకు సీట్లు, ఎప్పుడూ నిండే ఉంటుంది, ఎక్కువ భాగం సీజన్ టికెట్ వాళ్లవే. బయటి నుంచి వచ్చే జట్టుకి కొన్ని టికెట్లు కేటాయిస్తారు, వాటిలో సపోర్టర్స్ క్లబ్ సభ్యులకి ముందు అవకాశం. కాబట్టి మన్‌స్టర్ సపోర్టర్స్ క్లబ్‌లో సీజన్ మొదట్లోనే చేరిపోండి, మ్యాచ్ ఖరారయ్యాక చేరదామనుకుంటే క్యూలో వెనకపడతారు. రెండు క్లబ్బుల అధికారిక సైట్లలో తప్ప ఎక్కడా కొనకండి. సోషల్ మీడియాలో స్క్రీన్‌షాట్ పంపి డబ్బులడిగేవాళ్లని నమ్మి మా స్నేహితుల్లో ఒకాయన మోసపోయాడు, అంత దూరం వెళ్లి గేటు దగ్గర నిలబడిపోయాడు.

ఏ వారాంతం అన్నది ముందే తెలుస్తుంది, కానీ శుక్రవారమా, శనివారమా, ఆదివారమా, ఎన్నింటికి అన్నది టీవీ వాళ్లను బట్టి తర్వాత చెబుతారు. ఆ ప్రకటన వచ్చేదాకా ఆగితే ఫ్లైట్ రేట్లు ఎక్కడికో వెళ్లిపోతాయి. శుక్రవారం పొద్దున వెళ్లి సోమవారం వచ్చేలా పెట్టుకుంటే ఎలా మారినా ఇబ్బంది లేదు. ఆఫీసులో రెండు రోజుల సెలవు ముందే చెప్పి పెట్టండి.

ఎలా చేరాలి

లా రోషెల్ అట్లాంటిక్ ఒడ్డున ఉన్న చిన్న రేవు పట్నం. డబ్లిన్ నుంచి బోర్డోకో, నాంత్‌కో ఎగిరి అక్కడి నుంచి రైల్లో రెండు గంటలు, కొంచెం అటూ ఇటూ. పారిస్ మీదుగా అయితే మోంపర్‌నాస్ స్టేషన్ నుంచి టీజీవీ అనే వేగం రైల్లో మూడు గంటలలోపే, కానీ చార్ల్స్ డి గాల్ ఎయిర్‌పోర్ట్ నుంచి ఆ స్టేషన్‌కి వెళ్లడానికి ఊరంతా దాటాలి, మధ్యలో రెండున్నర గంటలైనా పెట్టుకోండి. కార్క్ నుంచి రోస్కాఫ్‌కి రాత్రంతా ప్రయాణించే ఫెర్రీ ఉంది, సీజన్‌ను బట్టి నడుస్తుంది, నలుగురైదుగురు కలిసి కారు తీసుకెళ్తే ఖర్చు కలిసొస్తుంది, దిగాక ఇంకో ఐదారు గంటల డ్రైవింగ్. ఫెర్రీలో వెళ్లేవాళ్లంతా ఎరుపు జెర్సీలే, పాటలు అక్కడే మొదలవుతాయి. పిల్లలతో వెళ్లేవాళ్లకి నేను ఇదే చెబుతాను.

నాన్ ఈయూ పాస్‌పోర్ట్ ఉన్నవాళ్లు సెక్యూరిటీకి ముందే డెస్క్ దగ్గర వీసా చూపించుకోవాలని కొన్ని ఎయిర్‌లైన్స్ అడుగుతాయి. బ్యాగ్ లేదు కదా అని నేరుగా గేటుకి వెళ్తే వెనక్కి పంపిస్తారు. 2025 అక్టోబరు 12 నుంచి షెంగెన్ సరిహద్దుల్లో ఫొటో, వేలిముద్రలు తీసుకునే కొత్త పద్ధతి మొదలైంది, దాంతో మన క్యూ ఇంకా నెమ్మదిగా కదలొచ్చు. దిగిన గంటకే రైలు పెట్టుకోకండి.

ఊళ్లో హోటళ్లు తొందరగా నిండిపోతాయి. దొరక్కపోతే రోష్‌ఫోర్, నియోర్ చూడండి, రెండూ రైలు మార్గంలోనే, గంటలోపు దూరం. కాకపోతే సాయంత్రం మ్యాచ్ అయితే చివరి రైలు ఎన్నింటికో చూసుకున్నాకే అక్కడ గది తీసుకోండి.

తిండి

మ్యాచ్ ఎన్నింటికైనా మధ్యాహ్నం పన్నెండున్నరకే భోజనానికి కూర్చోండి. ఫ్రాన్స్‌లో రెండు దాటితే చాలా హోటళ్లలో వంటిల్లు మూసేస్తారు, మళ్లీ రాత్రి ఏడు, ఏడున్నరకే. ఆదివారం మధ్యాహ్నం సూపర్ మార్కెట్లు కూడా చాలావరకు మూసే ఉంటాయి. శాకాహారులకి గాలెట్ బాగుంటుంది, అది బక్‌వీట్ పిండితో వేసే అట్టు, మన దోసెకి దూరపు చుట్టంలా ఉంటుంది, లోపల చీజ్, గుడ్డు, పుట్టగొడుగులు వేయించుకోవచ్చు. మామూలుగా పంది మాంసం కూడా పెడతారు కాబట్టి సాన్ జాంబోన్ అని ముందే చెప్పండి. మాంసం తినేవాళ్లు, చేపలు తినేవాళ్లు మూక్లాడ్ వదలొద్దు. ఆల్చిప్పలని క్రీమ్‌లో వండి కొంచెం కూరపొడి వేస్తారు, ఈ ప్రాంతపు వంటకమే, వేరే దేశం రేవులో కూరపొడి వాసన రావడం ఎంత బాగుంటుందో తింటేగానీ తెలియదు.

ఇంటి నుంచి పులిహోర కట్టుకెళ్లండి, మొదటి రోజుకి అంతకంటే మంచిది లేదు. హ్యాండ్ బ్యాగేజీలో కందిపొడి, కరివేపాకు పొడి సరే, ఆవకాయ మాత్రం లిక్విడ్ కింద లెక్క, డబ్లిన్ ఎయిర్‌పోర్ట్‌లో 100 మిల్లీలీటర్ల పరిమితి 2025 సెప్టెంబరులో ఎత్తేశారు కానీ వేరే ఎయిర్‌పోర్ట్ నుంచి ఎగిరేటప్పుడు అక్కడి నిబంధన చూసుకోండి.

ఎవరితోనైనా మాట మొదలుపెట్టేముందు బోంజూర్ అనండి. అది అనకుండా నేరుగా ఇంగ్లీషులో అడిగితే వాళ్లకి అమర్యాదగా అనిపిస్తుంది. ఆ ఒక్క మాటతో మొహాలు మారిపోతాయి.

మ్యాచ్ రోజు

పొద్దున్నే పాత రేవు దగ్గరికి వెళ్లండి, రైల్వే స్టేషన్ నుంచి పది నిమిషాల నడక. రేవు ముఖద్వారం దగ్గర మధ్యయుగపు బురుజులు రెండు, కొంచెం అవతల ఇంకొకటి ఉంటాయి. ఎరుపు జెర్సీలు, పసుపు నలుపు జెర్సీలు అక్కడే కలుస్తాయి. రగ్బీలో రెండు జట్ల అభిమానుల మధ్య కంచెలు, పోలీసు వరసలు ఉండవు, పక్కపక్కనే కూర్చుంటారు. ఎదురొచ్చిన పసుపు జెర్సీకి బోన్ మాచ్ అని చెప్పండి. వాళ్లు తప్పకుండా రోనన్ ఒగారా పేరు ఎత్తుతారు. మన్‌స్టర్‌కి 2006, 2008లో కప్పులు గెలిచిపెట్టిన మన పది నంబరు జెర్సీ మనిషి, తర్వాత వాళ్ల కోచ్‌గా 2022, 2023లో వరసగా రెండు కప్పులు తెచ్చిపెట్టాడు. ఈ ఒక్క పేరు మీద రెండు ఊళ్ల వాళ్లు గంటసేపు మాట్లాడుకోగలరు.

అక్కడి నుంచి స్టేడియానికి పడమరగా రెండున్నర కిలోమీటర్లు, నడిచే వెళ్లండి, జనంతో పాటు నడవడమే సగం ఆనందం. స్టేడియానికి ఎవరి పేరు పెట్టారో కూడా తెలుసుకుని వెళ్లండి. మార్సెల్ డెఫ్లాండ్ర్ ఆ క్లబ్ అధ్యక్షుడు, నాజీలకి వ్యతిరేకంగా రహస్య పోరాటంలో ఉన్నందుకు 1944లో కాల్చి చంపారు. లోపలికి అడుగుపెట్టేటప్పుడు ఆ పేరు వైపు ఒకసారి చూడండి.

ఏప్రిల్‌లో అట్లాంటిక్ గాలి చలిగా ఉంటుంది, వాన ఎప్పుడొస్తుందో చెప్పలేం. గొడుగు, పెద్ద బ్యాగ్ లోపలికి రానివ్వకపోవచ్చు, కాబట్టి టోపీ ఉన్న రెయిన్ జాకెట్, లోపల థర్మల్, పైన జెర్సీ. జెర్సీ పైకి కనబడేలా వేసుకోండి, అంత దూరం వెళ్లింది కనబడటానికే.

పాటలు ముందే నేర్చుకోండి. కరవు కాలంలో పిల్లల ఆకలి తీర్చడానికి ధాన్యం దొంగిలించి, ఆస్ట్రేలియాకి ఓడలో పంపేసిన మనిషి పాట ఒకటుంది, పేరు ద ఫీల్డ్స్ ఆఫ్ ఆథెన్రై, ఐర్లాండ్ మ్యాచ్‌ల్లో మీరు వినే ఉంటారు. దాని పల్లవి వస్తే చాలు, మిగతాది పక్కవాళ్లు పాడిస్తారు. నేను మొదటిసారి పల్లవి పాడినప్పుడు ముందు వరసలో ఒకావిడ వెనక్కి తిరిగి నా భుజం తట్టింది. లిమరిక్‌లో నాకు పదేళ్లు దాటింది, ఇది నా ఊరు అని బాగా అనిపించిన రోజు మాత్రం ఫ్రాన్స్‌లోనే వచ్చింది.

ఇంకో ముఖ్యమైన సంగతి. లిమరిక్‌లో మన సొంత మైదానం థామండ్ పార్క్‌లో ఎవరు కిక్ కొడుతున్నా, మనవాళ్లయినా ఎదుటివాళ్లయినా, పాతికవేల మంది ఒక్కసారిగా నిశ్శబ్దమైపోతారు. ఫ్రాన్స్‌లో మన కిక్కర్‌కి ఈలలు వేస్తారు. కోపం తెచ్చుకోకండి, వాళ్ల పద్ధతి అది. వాళ్ల కిక్కర్ బంతి పెట్టినప్పుడు మాత్రం మనం నోరు మూసుకుని నిలబడాలి. పెద్దవాళ్లు దీన్ని చాలా పట్టించుకుంటారు, నేనూ పట్టించుకుంటాను, మనం ఎక్కడి నుంచి వచ్చామో దాన్ని బట్టే వాళ్లకి తెలుస్తుంది.

పిల్లలకి చెవులకి పెట్టుకునే మఫ్స్ తీసుకెళ్లండి, డప్పులు, బాకాలు గట్టిగానే ఉంటాయి. కొత్తవాళ్లని తీసుకెళ్తుంటే లెక్క ముందే చెప్పండి, ట్రైకి (బంతిని ఎదుటివాళ్ల గీత దాటించి నేలకి ఆనించడం) 5, ఆ తర్వాతి కన్వర్షన్‌ కిక్‌కి 2, పెనాల్టీకి 3, డ్రాప్ గోల్‌కి 3. కబడ్డీ ఆడినవాళ్లకి ట్యాకిల్ తొందరగానే అర్థమవుతుంది, భుజాల పైన పట్టుకుంటే తప్పు, కార్డు కూడా పడొచ్చు అని మాత్రం చెప్పండి. ముంబైలో 2025లో జరిగిన రగ్బీ ప్రీమియర్ లీగ్‌లో హైదరాబాద్ హీరోస్‌ని చూసినవాళ్లుంటే అది ఏడుగురి ఆట, ఇది పదిహేను మంది 80 నిమిషాల ఆట, స్క్రమ్‌లో (రెండు జట్లు గుంపుగా ఒకరినొకరు నెట్టుకునేది) ముందు వరసలు అలిసిపోయేదాకా అసలు కథ మొదలవదు అని చెప్పండి.

అవే ప్రయాణాల్లో పాత మాటలు చాలా వస్తాయి. 2000 మేలో బోర్డో ఎండలో తూలూజ్‌ని 31-25తో ఓడించిన సెమీ ఫైనల్, 2006 ఫైనల్ రోజు కార్డిఫ్ స్టేడియం తెర మీద లిమరిక్ ఓకానెల్ స్ట్రీట్ జనాన్ని చూపించిన క్షణం, ఇవి చెప్పేవాళ్లని చెప్పనివ్వండి. పారిస్ మాట వస్తే కొందరు ఆగిపోతారు. 2016 అక్టోబరులో అక్కడ రాసింగ్ జట్టుతో మ్యాచ్ రోజునే మన్‌స్టర్ హెడ్ కోచ్ ఆంథనీ ఫోలీ హోటల్లో చనిపోయారు, మ్యాచ్ వాయిదా వేశారు. ఆ రోజు అక్కడికి వెళ్లినవాళ్లు ఇప్పటికీ మన పక్క సీట్లలోనే ఉంటారు.

మ్యాచ్ అయ్యాక వెంటనే బయటికి పరిగెత్తకండి. గెలిచినా ఓడినా ఆటగాళ్లు మన వైపు వచ్చి చప్పట్లు కొడతారు, పిల్లలు ముందు వరసలోకి వెళ్లే సమయం అదే. తర్వాత మళ్లీ రేవు దగ్గరికే నడవండి, రాత్రి బస్సుల కోసం చూడటం కంటే అదే తేలిక.

గెలిస్తే ఆదివారం ఫోన్ నిండా చార్జ్ చేసి పెట్టుకోండి. సాయంత్రానికి మిగతా మ్యాచ్‌లు కూడా అయిపోయి క్వార్టర్ ఫైనల్ ఎక్కడో తేలిపోతుంది. బోర్డో అయితే స్టేడియానికి ట్రామ్ ఎ లైన్ ఉంది, తూలూజ్ అయితే మ్యాచ్ ఏ స్టేడియంలో పెట్టారో ముందు చూడండి, అక్కడ రెండున్నాయి. ఊరు తెలిసిన అరగంటలో ఫ్లైట్, గది రెండూ పట్టేయండి, సోమవారం పొద్దున్నకి రేట్లు అలా ఉండవు. వీసాలో ఎంట్రీల దగ్గర మల్ట్ అని ఉందో లేదో మాత్రం డబ్బు కట్టేముందు ఇంకోసారి తెరిచి చూసుకోండి.